కన్యాశుల్కంలో గుంటడు గుంటయిన కథ, మధురవాణి మగవేషం: తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబరు 21 గురజాడ జయంతి. ఆగస్టు సగం దాటేసరికి కాలేజీ పిల్లలు, ఆఫీసు క్లబ్బుల వాళ్లు, ఊళ్లో నాటక సమాజాల వాళ్లు ‘కన్యాశుల్కం’లో ఒకటో రెండో సీన్లు వేద్దామని బయల్దేరతారు. నేను పెద్ద నటుణ్ణి కాదు. చదువుకునే రోజుల్లో శిష్యుడి వేషం కట్టాను, తర్వాత చాలా ఏళ్లు తెర వెనక నిలబడి మాట అందించాను. ఆ పరిచయం మీద నాకు ఫోన్లు వస్తుంటాయి. అందరూ గిరీశం గురించి అడుగుతారనుకుంటాం గానీ, మొదట వచ్చే ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఇదే: “ఆ మాయపెళ్లికూతురి వేషం అబ్బాయికివ్వాలా, అమ్మాయికివ్వాలా?” దాని వెనకే మిగతావి వస్తాయి. చెప్పిందే చెప్పి అలిసిపోయి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నాటకంలో ఈ ఆడా మగా మార్పిడి ఎక్కడెక్కడ ఉంది?

రెండు చోట్ల. రెండూ కథకి ఇరుసుల్లాంటివి, తీసేస్తే బండి కదలదు.

మొదటిది శిష్యుడిది. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని పద్దెనిమిది వందల రూపాయలకి రామచంద్రపురం అగ్రహారంలో ఉన్న ముసలి లుబ్ధావధాన్లుకి ఇచ్చి పెళ్లి చేయడానికి ఒప్పుకుంటాడు. పెద్ద కూతురు బుచ్చమ్మని అలాగే ఇచ్చి, విధవగా ఇంట్లో పెట్టుకుని ఉన్నవాడే మళ్లీ ఈ పనికి సిద్ధపడ్డాడు. భార్య వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఆమె తమ్ముడు కరటకశాస్త్రి మేనకోడలిని తప్పించడానికి ఒక ఎత్తు వేస్తాడు. తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, తాను గుంటూరు శాస్తుర్లనని చెప్పుకుని, ఆ ‘పిల్ల’ని తక్కువ ధరకి లుబ్ధావధాన్లుకే అమ్ముతాడు. పెళ్లవుతుంది. పెళ్లికూతురు మాయమవుతుంది. అక్కడి నుంచి కథ పోలీసులు, ఖూనీ కేసు దాకా పోతుంది.

రెండోది మధురవాణిది. చివరి అంకంలో ఆ ఖూనీ నింద నుంచి లుబ్ధావధాన్లుని బయటపడెయ్యాలని చూస్తున్న వకీలు సౌజన్యారావు పంతులు. ఆయన వేశ్యల మొహం చూడనివాడు. నిజం తెలిసిన మనిషేమో వేశ్య. అందుకని ఆమె మగవేషంలో ఆయన ఇంటికి వెళుతుంది.

విజయనగరం మాటలో చెప్పాలంటే గుంటడు గుంటయ్యాడు (కుర్రాడు ఆడపిల్లయ్యాడు), చివర్లో ఒక ఆడది మగాడైంది. చాలామంది ఈ రెండిటినీ విడివిడిగా గుర్తుపెట్టుకుంటారు. కలిపి చూస్తేనే గురజాడ ఏం చేశాడో తెలుస్తుంది.

లుబ్ధావధాన్లు మరీ అంత వెర్రివాడా? అబ్బాయిని పెళ్లి చేసుకుని కూడా గుర్తుపట్టలేడా?

అందరూ నవ్వుతూ అడిగే ప్రశ్న. నా మట్టుకు నాకు నాటకం మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

లుబ్ధావధాన్లు పిసినారి గానీ వెర్రివాడు కాదు. లెక్కలు బాగా తెలిసినవాడు. ఈ బేరంలో అతను ఏం చూశాడో ఒకసారి జాబితా వేసుకోండి: కులం, ధర. మధ్యలో బేరం నడిపిన రామప్పంతులు తన వాటా చూసుకున్నాడు. అటు అగ్నిహోత్రావధాన్లు వాళ్లు బయల్దేరి వచ్చేలోపు పని కానిచ్చెయ్యాలన్న తొందర ఒకటి. ఇందులో పిల్లని చూడవలసిన అవసరం ఎక్కడుంది? సరుకుకి ధర కుదిరాక దాని మొహం ఎవడు చూస్తాడు?

ఇది నా కల్పన అనుకోకండి. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక చదవండి. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల పట్టిక ఒకటి మహారాజా ఆనందగజపతి తయారుచేయించారు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు, అంటే ఏడాదికి సగటున 344. వాటిలో 99 మంది పిల్లల వయసు ఐదేళ్లు. 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఏడాది. కడుపులో బిడ్డకి కూడా బేరాలు జరుగుతున్నాయని ఆయనే రాశాడు.

ఏడాది పిల్లని పెళ్లి చేసుకునే చోట పెళ్లికూతురంటే పేరూ, ధరా తప్ప ఇంకేం మిగిలింది? కడుపులో ఉన్నది ఆడో మగో తెలియకుండానే బేరం కుదిరినప్పుడు, పీటల మీద కూర్చున్నది ఆడో మగో తెలియకపోవడంలో వింతేముంది? కరటకశాస్త్రి ఎత్తు పారడానికి కారణం మహేశం నటన ఒక్కటే కాదు. పిల్ల వంక చూడడం ఆ ఊళ్లో అప్పటికే మానేశారు.

అందుకే ఈ సీన్లలో లుబ్ధావధాన్లుని కళ్లు కనబడని ముసలాడిగా, తొట్రుపాటు మనిషిగా చూపిస్తే నాకు చిరాకు. అతనికి కళ్లు బాగానే కనబడాలి. డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఒక్క రూపాయి కూడా తప్పకూడదు. ఆ ఎదురుగానే, అదే వెలుతురులో, పెళ్లికూతురు ఉండాలి.

శిష్యుడికి ఆడవేషం అంత బాగా ఎలా కుదిరింది?

వాడి వృత్తే అది. కరటకశాస్త్రి సంస్కృత నాటకాల్లో విదూషకుడు, శిష్యుడు స్త్రీ పాత్రలు కట్టేవాడు. అంటే కథలో మోసం చేస్తున్నవాళ్లు ఇద్దరూ నటులే. ఇక్కడ గురజాడ ఒక పక్క తన కళ్లముందున్న నాటకరంగం మీద కూడా చురక వేస్తున్నాడు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ఈ నాటకాన్ని మొదటిసారి ఆడేనాటికి అలాంటి సమాజాల్లో ఆడవేషాలన్నీ మగవాళ్లవే. బుచ్చమ్మ, వెంకమ్మ, మీనాక్షి, మధురవాణి అందరూ మీసం గీసుకున్న మగాళ్లే. అటువంటి వేదిక మీద “వీడు మగాడు, ఆడవేషం కడుతున్నాడు” అని ఒక్క శిష్యుడి గురించే చెప్పడం ఎంత కొంటె పనో చూడండి. పక్కన ఉన్న అసలు ఆడపిల్ల కూడా అదే రకం.

ఇంకో సంగతి సాధారణంగా జారిపోతుంది. ఈ పని సాధించి పెడితే తన కూతురినిచ్చి పెళ్లి చేస్తానని శిష్యుడికి కరటకశాస్త్రి ఆశ పెడతాడు. ఒక పిల్లని అమ్మకుండా ఆపడానికి ఇంకో పిల్లని బహుమానంగా ఇస్తున్నాడు! ఆ పిల్లని ఎవరూ అడగరు. గురజాడ ఇది తెలిసే రాశాడని నా నమ్మకం. మంచివాళ్ల చేతిలో కూడా ఆడపిల్ల ఇచ్చిపుచ్చుకునే వస్తువే. స్క్రిప్టు కుదించేటప్పుడు చాలా టీములు ఈ మాట కొట్టేస్తారు. దయచేసి ఉంచండి.

మగవాణ్ణి పెళ్లికూతుర్ని చేయడం గురజాడ సొంత ఊహేనా?

ఆ ఎత్తు చాలా పాతది. క్రీస్తుపూర్వమే రోమ్‌లో ప్లాటస్ రాసిన ‘కాసినా’లో ముసలి యజమాని కోరుకున్న పిల్లకి బదులు ఒక బానిస యువకుణ్ణి పెళ్లికూతురిగా ముస్తాబు చేస్తారు. భవభూతి ‘మాలతీమాధవం’లో మకరందుడు మాలతి వేషంలో నందనుడితో పెళ్లిపీటల మీద కూర్చుంటాడు. 1609 నాటి బెన్ జాన్సన్ నాటకం ‘ఎపిసీన్’లో మోరోస్ అనే ముసలాయనకి ఏ చిన్న శబ్దమూ గిట్టదు. మాట్లాడని భార్య కావాలని వెతికి వెతికి చేసుకుంటాడు, చివరికి ఆ భార్య కుర్రాడని తేలుతుంది.

మనకి ఇంట్లోనే ఉన్న కథలు సరేసరి. నర్తనశాల చీకట్లో ద్రౌపది బదులు భీముడు. విరటుడి కొలువులో బృహన్నల. సాంబుడికి కడుపు కట్టి మునుల ముందు నిలబెట్టి ముసలం పుట్టించుకున్న యాదవులు.

అయితే ఒక తేడా ఉంది. బెన్ జాన్సన్ ఆఖరి దాకా ప్రేక్షకులకి కూడా చెప్పడు. విగ్గు ఊడినప్పుడు అందరూ ఒకేసారి ఉలిక్కిపడాలి, అదీ ఆయన సరదా. గురజాడ మొదటే చెప్పేస్తాడు. కాబట్టి మనం “ఇదెవరు?” అని చూడం, “వీళ్లకి కనబడట్లేదేం?” అని చూస్తాం. మన చూపు పెళ్లికూతురి మీద నుంచి పెళ్లిపెద్దల మీదకి మళ్లుతుంది.

మధురవాణి మగవేషం ఎందుకు వేసుకోవాలి? ఒక ఉత్తరం రాస్తే సరిపోదా?

సరిపోదు. ఆమె ఉత్తరం ఎవరు నమ్ముతారు?

అప్పటి సంగతి కొంచెం తెలియాలి. 1890ల్లో మద్రాసు రాజధానిలో భోగం మేళాలకి, అంటే వేశ్యల ఆటపాటలకి వ్యతిరేకంగా, యాంటీ నాచ్ అనే పేరుతో ఉద్యమం బలపడింది. 1893లో మద్రాసు సంస్కర్తలు గవర్నరుకీ వైస్రాయికీ అర్జీ పెట్టుకున్నారు, మేళాలు జరిగే వేడుకలకి మీరు రావద్దని. మన వైపు కందుకూరి వీరేశలింగం, ఆ తర్వాత రఘుపతి వెంకటరత్నం నాయుడు ఈ విషయంలో గట్టిగా నిలబడ్డవాళ్లు. మేళాలకి వెళ్లం, వేశ్య ఉన్న చోట కూర్చోం అన్నది ఆనాటి సంస్కర్తకి ఒక వ్రతం.

సౌజన్యారావు ఆ అచ్చులో పోతపోసిన మనిషి. నిజాయితీపరుడు, దయ గలవాడు. నాటకంలో నిఖార్సయిన పెద్దమనిషి అంటే ఆయనే. సరిగ్గా ఆ పెద్దమనిషి తలుపే ఒక ఆడదానికి మూసి ఉంది. నిర్దోషి ఉరికంబం దాకా పోయే పరిస్థితిలో, కాపాడగలిగిన మనిషి గుమ్మం దాటి లోపలికి రావాలంటే మగదుస్తులు వేసుకోవాలి. సంస్కరణని గురజాడ వెక్కిరించలేదు గానీ, దాని తలుపు ఎవరికి మూసుకుంటుందో చూపించాడు.

ఇప్పుడు మొదటి వేషం పక్కన ఈ రెండోదాన్ని పెట్టండి. శిష్యుడు ఆడవేషం కట్టగానే వాడికి ధర పలికింది, నోరు పోయింది. మధురవాణి మగవేషం కట్టగానే ఆమెకి కుర్చీ దొరికింది, వాదించే హక్కు దొరికింది. మనుషులు మారలేదు, బట్టలే మారాయి.

వకీలు, మగవేషం అనగానే ‘వెనిస్ వర్తకుడు’ నాటకంలో పోర్షియా గుర్తొచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. గురజాడ షేక్‌స్పియర్ బాగా చదివినవాడే. కానీ పోర్షియా వకీలు వేషంలో కోర్టుకెక్కి గెలుస్తుంది. మధురవాణి వకీలు దగ్గరికి వెళ్లి, ఆయనకే కొంచెం పాఠం చెప్పి వస్తుంది.

ఆ ముద్దు సీను అసలు దేనికి? తీసేయొచ్చా?

తీసేయొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు వస్తున్నారని టెన్షన్ పడుతూ ప్రతి కాలేజీ టీమూ ఇదే అడుగుతుంది. జరిగేది ఇది: తను ఎవరో బయటపెట్టుకున్నాక, సాయానికి బదులుగా మధురవాణి ఒక ముద్దు అడుగుతుంది. వ్రతం పట్టిన సౌజన్యారావు నలిగిపోతాడు. ఒక మనిషి ప్రాణమా, తన నియమమా? చివరికి ఒప్పుకుంటాడు. అప్పుడు ఆమే ఆపేస్తుంది. చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటుంది.

రంగం మీద ముద్దు లేదు. అందరూ భయపడే సీనులో భయపడవలసింది ఏమీ జరగదు, అదే గమ్మత్తు. నీతి మాట వకీలు నోట రాలేదు, వేశ్య తల్లి నోట వచ్చింది. ఇది తీసేస్తే మగవేషం ఒట్టి సరదాగా మిగిలిపోతుంది.

మధురవాణి పాత్ర మగవాళ్లే వేసేవారట, నిజమేనా?

నిజమే. అందరిలోకీ గొప్ప పేరు స్థానం నరసింహారావుది. 1902లో బాపట్లలో పుట్టారు. ఒకసారి చంద్రమతి వేషం వేయవలసిన నటుడు రాకపోతే ఆ పాత్రలో నిలబడి నాటకరంగంలోకి వచ్చేశారు. తర్వాత తెనాలి రామ విలాస సభలో వెలిగారు. సత్యభామ, రోషనార, దేవదేవి, చింతామణి, మధురవాణి అన్నీ ఆయన పాత్రలే. ‘శ్రీకృష్ణ తులాభారం’లో “మీరజాలగలడా” పాట ఆయన తానే రాసుకుని పాడింది. 1956లో పద్మశ్రీ వచ్చింది. మరాఠీ వాళ్లకి బాల గంధర్వ ఎలాగో మనకి స్థానం అలాగ.

ఇప్పుడు ఆ చివరి అంకం తలుచుకోండి. ఒక మగవాడు. స్త్రీ పాత్ర కట్టాడు. ఆ స్త్రీ మగవేషం వేసుకుంది. అంటే అతను తన సొంత ఒంటికి తిరిగి రావాలి, కానీ రాకూడదు. నడకలో మగతనం కనబడాలి, అయినా ‘ఇది మధురవాణి నడుస్తున్న మగనడక’ అని ప్రేక్షకుడికి తెలియాలి. షేక్‌స్పియర్ నాటి లండన్‌లో ఆడపాత్రలు కట్టే కుర్రాళ్లకీ ఇదే పరీక్ష. ‘యాజ్ యూ లైక్ ఇట్’లో రోజలిండ్ వేషం కట్టిన కుర్రాడు మళ్లీ గానిమీడ్ అనే మగవాడిగా మారి, ఆ మగవాడుగా ఉంటూ రోజలిండ్‌లా నటించాలి. అక్కడ 1660 తర్వాత నటీమణులు వచ్చి ఆ మెలిక విప్పేశారు. మనకి ఆ మెలిక ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలాకాలం ఉంది.

ఇందులో ఒక చేదు నిజం ఉంది. సమాజాల్లో ఆడవేషాలు మగాళ్లు ఎందుకు కట్టారు? అప్పట్లో రంగస్థలం మీదకి రాగలిగిన ఆడవాళ్లు భోగం కుటుంబాలవాళ్లే, వాళ్ల పక్కన నిలబడితే పరువు తక్కువ. అంటే ఏ మధురవాణిని తమ మధ్యకి రానివ్వకూడదనుకున్నారో, ఆ మధురవాణి పాత్రనే చీర కట్టుకుని మరీ కట్టారు.

అందరూ అలాగే చేశారా?

లేదు. సురభి వాళ్లని మర్చిపోకూడదు. 1885లో కడప దగ్గర సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ సమాజంలో కుటుంబం మొత్తం నటులే కాబట్టి ఆడవేషాలు వాళ్ల ఇంటి ఆడవాళ్లే వేశారు.

కూచిపూడి భామాకలాపంలాంటిదేనా ఇది?

చుట్టరికం ఉంది గానీ దారి వేరు. కూచిపూడి భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి పేరు మీద ఒక నియమం చెబుతారు. అక్కడ ఆడవేషం మోసం కాదు, మొక్కు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా, ఉషగా కట్టిన వేషాలు చూసినవాళ్లు ఇప్పటికీ కథలుగా చెబుతారు. 1970లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. తెర మీద నుంచి జడ వేసి, నన్ను ఓడించగలవాడు ఉంటే కోసుకోండని సవాలు చేసే పద్ధతి ఆ కళలోదే. మగవాడు, పెట్టుడు జడతో, పండితులకి సవాలు!

నాకు అందులో సత్యభామకన్నా మాధవి ఇష్టం. సత్యభామ దగ్గర చెలికత్తె మాధవి, కృష్ణుడి దగ్గరికి వెళ్లగానే అతనే చెలికాడు మాధవుడు. వేషం పెద్దగా మార్చడు. పిలిచేవాళ్లని బట్టి ఆడో మగో అవుతాడు.

తర్వాత వెంపటి చినసత్యం మద్రాసులో ఆడపిల్లలకి నేర్పి సత్యభామని వాళ్లకి అప్పగించారు. ఆ చర్చ పెద్దది, ఇక్కడ వద్దు.

ఇంతకీ మా నాటకంలో శిష్యుడి వేషం ఎవరికివ్వాలి?

అబ్బాయికే. మీసకట్టు ఇంకా రాని, గొంతు అప్పుడే మారుతున్న కుర్రాడైతే మరీ మంచిది. అమ్మాయికిస్తే ‘ఆడవేషంలో మగాడు’ అన్న సంగతి ప్రేక్షకుడు బుర్రతో గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది. కంటితో కనబడాలి. ఒకవేళ మీది మొత్తం అమ్మాయిల టీము అయితే లెక్క మారుతుంది, కింద రాశాను.

ముస్తాబు విషయంలో అందరూ చేసే తప్పు అతి. పెద్ద పెద్ద పెదాలు, ఒంకర నడక, చీటికీమాటికీ పైట సర్దుకోవడం, సినిమా కామెడీ. వద్దు. పెళ్లిపిల్ల పదేళ్ల చిన్నపిల్ల. పరికిణీ, రవిక, బిగించి అల్లిన జడ (సవరం పిన్నులతో కాదు, దారంతో కుట్టండి, నా అనుభవం), తల వంచుకుని కూర్చోవడం. అంతే. పాత్రలో ఉన్నది నాటకాల కుర్రాడు. వాడికి పని వచ్చు. బాగా చేస్తేనే నవ్వు వస్తుంది, చెడగొడితే రాదు.

మా ప్రదర్శనలో డైరెక్టరుగారు నన్ను హొయలు పోతూ నడవమన్నారు. హాలు పగలబడి నవ్వింది. ఆ నవ్వుల్లో బేరం మాటలు ఒక్కటీ వినబడలేదు. అప్పుడు నాకు గొప్పగానే అనిపించింది, ఒప్పుకుంటాను. తర్వాత తెర వెనక నిలబడి చూడ్డం మొదలెట్టాకే ఏం పోగొట్టామో తెలిసింది.

ఈ వేషం హిజ్రాలనీ, ఆడతనం ఉన్న మగపిల్లల్నీ వెక్కిరించినట్టు అవదా?

మీరు చేసే తీరుని బట్టి అవుతుంది. రచనలో ఆ వెక్కిరింత లేదు. మహేశం ఆడతనాన్ని చూసి ఎవరూ నవ్వరు. వాడు పెళ్లికూతురు కాదని తెలియని పెద్దమనుషుల్ని చూసి మనం నవ్వుతాం. పైన చెప్పిన అతి వేషాలు మానేస్తే ఈ బెంగ చాలావరకు తీరిపోతుంది. రిహార్సల్లో ఆ కుర్రాణ్ణి పేర్లు పెట్టి ఏడిపించేవాళ్లు ఉంటారు చూశారూ, ముందు వాళ్లని కట్టడి చేయండి.

మధురవాణి మగవేషాన్ని ప్రేక్షకులు నమ్మాలా?

సౌజన్యారావు నమ్మితే చాలు. ప్రేక్షకుడికి మొదటి క్షణమే తెలిసిపోవాలి, లేకపోతే ఆమె మాటల్లో రెండో అర్థం పోతుంది. తలపాగా, కోటు, పంచె చాలు. మీసం అంటించొద్దు. వేడి లైట్ల కింద అది ఊడుతుంది, ఊడకపోయినా నటి మొహం చంపేస్తుంది.

అసలు మారవలసింది మాట. మధురవాణి నాటకం పొడుగునా ఎవరితో వాళ్ల భాష మాట్లాడుతుంది. రామప్పంతులుతో ఒక మాదిరి, కరటకశాస్త్రితో ఒక మాదిరి, లుబ్ధావధాన్లుతో ఇంకో మాదిరి. ఆమె రోజూ వేషం కడుతూనే ఉంది, ఈసారి బట్టలు కూడా మార్చింది. ఆ సీనులో గొంతు లావు చేయొద్దు. తగ్గించి, తొందరపడకుండా, ఎవరూ మధ్యలో అడ్డురారన్న ధీమాతో మాట్లాడమనండి. మగవాళ్లు మాట్లాడే తీరు అదే కదా.

మొత్తం తారుమారు చేసి ఆడొచ్చా? గిరీశంగా అమ్మాయి, మధురవాణిగా అబ్బాయి?

ఆడొచ్చు. దీనికి రెండు దారులున్నాయి, కలిపేయకండి.

ఒకటి, పాత్రలు అలాగే ఉంచి నటులని మార్చడం. గిరీశం గిరీశమే, కట్టేది అమ్మాయి. ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గిరీశానిది అంతా మాటల డాబు. ఆ డాబుని ఆడపిల్ల కడితే కోతలు విడిగా నిలబడి కనబడతాయి. మొత్తం అమ్మాయిల టీము అయితే శిష్యుడు ‘మగపిల్లాడి వేషంలో ఉన్న అమ్మాయి కడుతున్న ఆడవేషం’ అవుతాడు. స్థానంవారి మెలిక తిరగేసినట్టు. ముందు సీనులో వాడు కుర్రాడిగా గోచీ బిగించి తిరగడం కాస్త ఎక్కువసేపు చూపించండి, తర్వాత పరికిణీ కట్టినప్పుడు ప్రేక్షకుడు దారి తప్పడు.

రెండోది, పాత్రలనే తిరగేయడం: ముసలమ్మలు కుర్రాళ్లని కొనుక్కునే అగ్రహారం. వినడానికి బాగుంటుంది, ఇరవై నిమిషాల స్కిట్‌కి సరిపోతుంది. ఏడంకాలకి నిలబడదు. ఆడపిల్లని అమ్మడం వెనక శాస్త్రం, ఆస్తి, వైధవ్యం అన్నీ ఉన్నాయి. బుచ్చమ్మకి జరిగినట్టు మొగుడు పోయిన పిల్లకి బతుకే ముగిసిపోతుంది. భార్య పోయిన లుబ్ధావధాన్లుకి కొత్త పెళ్లి. తిరగేసిన లోకంలో ఈ బరువు దేని మీద పెడతారు? వరకట్నం మీదకి మళ్లిస్తామంటారు కొందరు. అది వేరే నాటకం, రాయండి, చూస్తాను.

ఏ ప్రతి వాడాలి? అనుమతి కావాలా?

1909 నాటి రెండో కూర్పు. మొదటి కూర్పుకన్నా చాలా పెద్దది, ఏడంకాలు. మనం ఆరాధించే మధురవాణి పూర్తిగా ఎదిగింది అందులోనే. గురజాడ 1915లో పోయారు కాబట్టి మూల రచనకి కాపీరైట్ లేదు. ఎవరైనా కుదించి అచ్చేసిన రంగస్థల ప్రతి వాడితే మాత్రం వాళ్లని అడగండి. 1955 సినిమా చూడండి, సావిత్రి కోసమైనా చూడండి. దాన్ని స్క్రిప్టుగా పెట్టుకోవద్దు, సినిమాకి తగ్గట్టు కుదించిన కథ అది.

మొత్తం నాటకం ఒక సాయంత్రానికి పట్టదు. రెండు వేషాల కథ వరకే తీసుకుంటే గంటన్నరలో సర్దొచ్చు. కరటకశాస్త్రి ఎత్తు, మధురవాణితో అతని మంతనం, బేరం, పెళ్లికూతురు మాయమవడం, పూజారి గవరయ్య దయ్యాల లెక్క, విశాఖపట్నంలో సౌజన్యారావు ఇల్లు. గిరీశం ఆఖరి మాట “డామిట్! కథ అడ్డంగా తిరిగింది!” ఎలాగూ వదలరు, అది అక్కడే వస్తుంది.

సామాన్లలో ముఖ్యమైనది ఏది?

కంటె. మధురవాణిది. అది పెళ్లికూతురి మెడలోకి వెళుతుంది, పిల్లతోపాటు మాయమవుతుంది. తర్వాత గొడవలో సగం దాని గురించే. పిల్ల ఏమైందోనన్న బెంగకన్నా కంటె ఏమైందోనన్న బెంగ రామప్పంతులుకి ఎక్కువ. కాబట్టి అది బాగా కనబడాలి. గొలుసు కాదు, మెడకి పట్టినట్టుండే గట్టి కంటె. వెనక వరసవాళ్లకి కూడా మెరవాలి. అట్టముక్క మీద బంగారు కాగితం అంటిస్తే తేలిపోతుంది, ఫాన్సీ షాపులో గిల్టుది దొరుకుతుంది.

రెండు కొనండి. మా నాటకంలో నేను పరికిణీ ఎగ్గట్టుకుని పారిపోయే హడావుడిలో కంటె నిజంగానే ఎక్కడో జారిపోయింది. తర్వాతి సీనులో మధురవాణి “నా కంటె!” అని రామప్పంతులు మీద పడినప్పుడు ఆ కంగారు నటన కాదు, ఆ కంటె ఆ వేషం కట్టినవాళ్ల పెద్దమ్మగారిది. ఆర్నెల్లకి వేషాల పెట్టెలో, సవరం ముడిలో దొరికింది.